బావను సముద్రంలోకి పిలిచిన రోజు

సర్ఫింగ్ బోర్డు మీద నేను మొదటిసారి లేచి నిలబడింది మా బావ మీద కసితో. ఆ కసి సంగతి ముందు చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

బావ అంటే నా భర్తకు అన్న. సూరత్‌లో, గోడాదరా సందుల్లో మాదొక ఇరుకైన డాబా ఇల్లు. కింద మేము ముగ్గురం, పైన బావ, అక్క, వాళ్ళమ్మాయి. తోడికోడలిని నేను అక్కా అనే పిలుస్తాను. అత్తమామలు ఎప్పుడో పోయారు. బావ పద్దెనిమిదేళ్ళ వయసులో కరీంనగర్ వైపు నుంచి వచ్చి సాంచాల మీద నేత మొదలుపెట్టి, చివరికి ఆ మరమగ్గాల షెడ్డుకే మేస్త్రీ అయ్యాడు. తమ్ముణ్ణి పిలిపించుకుని పని నేర్పింది ఆయనే, మా పెళ్ళి కుదిర్చింది ఆయనే. అందుకే ఇంట్లో ఆయన మాటకు ఎదురు లేదు. నేను ఆసుపత్రిలో నర్సుని. పెళ్ళిచూపుల్లో ఆ ఉద్యోగాన్ని మెచ్చుకున్నది కూడా ఆయనే.

2021 ఏప్రిల్‌లో మా వార్డులో మంచాలు చాలక వరండాలో పరుపులు వేశాం. ఒంటి మీద ప్లాస్టిక్ సూటుతో పూటంతా నీళ్ళు కూడా తాగకుండా తిరిగేవాళ్ళం. ఆ నెల రెండో వారంలో నాకు జ్వరం వచ్చింది. మర్నాటికి మా ఆయనకు. ఇద్దరికీ పాజిటివ్. ఆరేళ్ళ మా పాపకు నెగెటివ్. పాపను పైకి పంపి మేమిద్దరం కింద గదిలో తలుపేసుకున్నాం.

రోజూ సాయంత్రం వీడియో కాల్ చేసేవాళ్ళం. పాప ఎప్పుడు చూసినా ఒకే చోట కూర్చుని ఉండేది. వెనక ఆకుపచ్చ గోడ. గాలి బాగా వస్తుందేమో, అక్కడ కూర్చోవడం దానికి ఇష్టమేమో అనుకున్నాను. ఒంట్లో నూట రెండు జ్వరం, పక్కన దగ్గుతున్న భర్త. ఆ గోడ ఎక్కడిదో ఆలోచించే ఓపిక లేదు.

పదమూడో రోజున తలుపు తీసుకుని బయటికి వచ్చి చేతులు చాపితే పాప రెండడుగులు వెనక్కి వేసింది.

"ముట్టకమ్మా. నాకున్నది" అంది.

"ఏమున్నది బిడ్డా?"

"బీమారి. నాతోని అందరికి అంటుకుంటది."

ఆ రాత్రి మంచం ఎక్కమంటే ఎక్కలేదు. కింద చాప పరుచుకుని గోడకు అంటుకుపోయి పడుకుంది. మర్నాడు అక్క బట్టలు ఆరేసే నెపంతో కిందికి వచ్చి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తూ చెప్పింది. ఆకుపచ్చ గోడ మెట్ల మలుపులోది. బావ పాపను గడప దాటనివ్వలేదు. తిండి అక్కడే, నిద్ర అక్కడే. అన్నం పెట్టిన కాగితం పళ్ళేన్ని నేల మీద పెట్టి చీపురు కర్రతో తోసేవాడట. పాప ఏడిస్తే, "మీ అమ్మ దవాఖాన్ల కెల్లి తెచ్చింది. నువ్వు నన్ను ముడితే నేను సస్త, అప్పుడు నీకు అన్నమెవ్వరు పెడ్తరు?" అనేవాడట.

పరీక్షలో నెగెటివ్ వచ్చిన పిల్ల అది.

నేను ఆయన్ని అడిగాను. దాచకుండా, గొంతు పెంచకుండా అడిగాను. ఆయన కూడా దాచలేదు.

"ఏం జేయమంటవ్ మరి? మా ఇంట్ల గూడ పిల్ల ఉన్నది. గిట్ల జేసినందుకే అందరం బతికినం. నువ్వు నర్సువు, నీకు నేను చెప్పాల్నా?"

నా భర్త తల వంచుకున్నాడు. "పోనీ తియ్యి, అన్న గదా" అన్నాడు తర్వాత.

పోనిచ్చేదాన్నేమో కూడా. ఆ నెలలో బావ షెడ్డులో ఇద్దరు కార్మికులు చనిపోయారు. ఆయన భయం అబద్ధం కాదని నాకూ తెలుసు. కానీ జూన్‌లో మగ్గాలు మళ్ళీ తిరిగాక, నలుగురు కూడిన ప్రతిచోటా ఆయన ఆ కథ చెప్పడం మొదలుపెట్టాడు. తన తెలివికి ఉదాహరణగా. చీపురు కర్ర దగ్గరకొచ్చేసరికి లేచి నిలబడి ఎలా తోశాడో చేసి చూపించేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. పాప అక్కడే ఉండేది. అలా చూపించిన ప్రతిసారీ నాలో ఏదో గట్టిపడుతూ వచ్చింది. దీనికి బదులు ఇవ్వకుండా ఉండను అనుకున్నాను. ఎప్పుడో, ఎలాగో తెలియదు. డ్యూటీలో సెలైన్ ఎక్కిస్తూ కూడా దాని గురించే ఆలోచించేదాన్ని.

డిసెంబర్‌లో డయ్యూ వెళ్దామన్నది బావే. పెద్దవాళ్ళందరికీ రెండేసి టీకాలు అయ్యాయి. గుజరాత్‌లో దొరకని మందు సీసాలు డయ్యూలో మలుపు మలుపుకూ దొరుకుతాయి కాబట్టి సూరత్ మగవాళ్ళకు అది తీర్థం. హజీరా దగ్గర మా అద్దె వ్యాన్‌ను ఫెర్రీ ఎక్కించి, అవతలి ఒడ్డున ఘోఘాలో దిగి, సాయంత్రానికి చేరాం.

సర్ఫింగ్ గొడవ తెచ్చింది బావ కూతురు. పంతొమ్మిదేళ్ళది, కాలేజీలో చదువుతోంది. సూరత్‌లో పుట్టి పెరిగిన పిల్ల, ఒక్క వాక్యంలో మూడు భాషలు కలుపుతుంది. ఫోన్‌లో చూసి పొద్దుటి క్లాసుకు తన పేరుతో పాటు నా పేరూ రాయించింది.

"పిన్నీ, చాల్ నే, పోదాం! నేనొక్కదాన్నే పోతే నాకు శరమ్ అయితది."

"నాకు ఈత రాదే."

"రాకున్నా నడుస్తదంట. నడుము దాకనే నీళ్ళు. నేను ఫోన్ జేసి పూఛ్‌కున్న."

మర్నాడు ఎనిమిదింటికి బీచ్‌లో ఉన్నాం. కోచ్ ఒక బక్కపల్చటి అమ్మాయి. తమిళనాడు తీరంలో జాలర్ల ఇంట పుట్టిందట, చలికాలం నాలుగు నెలలు ఇక్కడ నేర్పుతుందట. మాకు ఒంటికి అతుక్కుపోయే పొడుగు చేతుల చొక్కాలు ఇచ్చింది. ముప్పై ఆరేళ్ళ వయసులో, సిజేరియన్ పొట్టతో, ఆ చొక్కా వేసుకుని సర్ఫింగ్ వాళ్ళ గుడిసె వెనక నుంచి బయటికి రావడమే నాకు పెద్ద పరీక్ష. బావ అప్పటికే ఒడ్డున ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని, మాస్కు గడ్డం కిందికి లాక్కుని, ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు.

"అరే, డాక్టరమ్మ ఒచ్చింది!" అన్నాడు అందరికీ వినబడేలా.

మొదట ఇసుక మీదే నేర్పింది కోచ్. వేలితో బోర్డు ఆకారం గీసి, అందులో బోర్లా పడుకోమంది. చేతులతో నీళ్ళు తోసినట్టు ఇసుక తోయాలి. తర్వాత అరచేతులు పక్కటెముకల దగ్గర ఆనించి, ఒక్క ఊపులో ఒళ్ళు పైకి లేపి, పాదాలు రెండూ కిందికి తెచ్చుకోవాలి. ఒకటి ముందు, ఒకటి వెనక, మోకాళ్ళు వంచి. ఆ అమ్మాయి చేస్తే పిల్లి లేచినట్టుంది. నేను చేస్తే ముందు మోకాళ్ళు, తర్వాత చెయ్యి, ఆ తర్వాత నడుము, విడివిడిగా లేచాయి. పదిహేనుసార్లు చేయించింది. నోట్లోకి ఇసుక పోయింది. బావ ఫోన్ నా వైపే ఉంది.

తర్వాత చీలమండకు బోర్డు తాడు కట్టి నీళ్ళలోకి తీసుకెళ్ళింది. డిసెంబర్ నీళ్ళు మొదట చల్లగా కొట్టి, తర్వాత బాగానే అనిపించాయి. అల విరిగి తెల్లటి నురగ అయ్యాక వచ్చే తోపు చాలట మాకు. నన్ను బోర్డు మీద పడుకోబెట్టి, వెనక్కి చూస్తూ నిలబడి, "ఇప్పుడు!" అని తోసింది. బోర్డు నా కింద ప్రాణం వచ్చినట్టు దూసుకుపోయింది. లేవాలన్న సంగతే మర్చిపోయాను. పక్కకు ఒరిగి పడ్డాను. ముక్కులోంచి ఉప్పు నెత్తిలోకి ఎక్కింది. తాడు కాలిని లాగుతుంటే ఏది పైనో ఏది కిందో తెలియలేదు. చివరికి చూస్తే నీళ్ళు నడుము వరకే ఉన్నాయి.

ఒడ్డు మీంచి బావ నవ్వు. "బర్రె బోర్ల వడ్డట్టే వడ్డది!"

రెండోసారి, మూడోసారి, ఏడోసారి. ప్రతిసారీ పడ్డాను. బావ కూతురు ఐదోసారికే లేచి నిలబడి కేకలు పెట్టింది. నా మోచేతులు గీసుకుపోయాయి. మా ఆయన చెయ్యి ఊపి, "సాలు, రా ఇగ" అన్నాడు. ఊపిరి తీసుకోవడానికి ఒడ్డుకు వచ్చేసరికి మా ఆయన ఫోన్‌లో కుటుంబం గ్రూపు మోగుతోంది. బావ నేను పడ్డ వీడియోలు అప్పుడే పెట్టేశాడు. కరీంనగర్‌లో ఉన్న చుట్టాలు కూడా నవ్వు బొమ్మలు పంపుతున్నారు.

నేను బోర్డు తీసుకుని మళ్ళీ నీళ్ళలోకి నడిచాను.

కోచ్ నా మొహం చూసింది. "అక్కా, మీరు లేచేటప్పుడు బోర్డును చూస్తున్నారు. ఎటు చూస్తే అటు పడతారు. కళ్ళు ఒడ్డు మీద పెట్టండి. అక్కడ ఏదైనా ఒకదాన్ని పట్టుకోండి, దాన్నే చూడండి" అంది హిందీలో.

ఒడ్డు మీద చూడ్డానికి నాకు ఒక్కటే ఉంది. ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ, అందులో బావ.

అల తోసింది. ఆయన ముఖాన్నే చూస్తూ అరచేతులు నొక్కాను. మెట్ల మలుపు గుర్తొచ్చింది. లేచి నిలబడి కర్రతో తోసి చూపిస్తుంటే నవ్విన ముఖాలు గుర్తొచ్చాయి. పాదాలు రెండూ ఎప్పుడు కిందికి వచ్చాయో నాకు తెలియదు. నిలబడ్డాను. మోకాళ్ళు వంచి ఉన్నాయి, చేతులు రెండు పక్కలా చాపి ఉన్నాయి, కింద నీళ్ళు పరిగెత్తుతున్నాయి, బావ ముఖం పెద్దదవుతూ నా వైపు వస్తోంది. మహా అయితే నాలుగు క్షణాలు. బోర్డు ఇసుకను తాకి ఆగింది. నేను దిగి, ఆయన కుర్చీ ముందు నిలబడ్డాను, నీళ్ళు కారుతూ.

ఆయన ఫోన్ దించేశాడు. ఆ నాలుగు క్షణాలూ తీయలేదు.

"బావా, ఇగ మీరు రాండ్రి" అన్నాను.

"నేనా? నాకెందుకు గీ పోరగాండ్ల ఆటలు?"

"తాపీ నది ఈ ఒడ్డు కెల్లి ఆ ఒడ్డుకు ఈదిన అని చెప్తరు గద ఎప్పుడు. గిది నడుము లోతే."

అది ఆయన రెండో ఇష్టమైన కథ. దాన్ని నేను ఎప్పుడూ నమ్మలేదు. అందుకే అందరి ముందూ ఎత్తాను. కూతురు చప్పట్లు కొట్టింది. "పప్పా, ప్లీజ్! పిన్ని జేసింది గద!" మా పాప ఇసుకలో ఆడుకుంటున్నది ఆపి తలెత్తి చూసింది. ఇక ఆయనకు తప్పలేదు. చొక్కా పొట్ట దగ్గర ఆగిపోతే కోచ్ కిందికి లాగి సర్దింది. ఇసుక మీద నేర్పబోతే, "మాలూమ్ హై, మాలూమ్ హై" అని నేరుగా నీళ్ళలోకి దిగాడు.

బోర్డు మీద పడుకోవడమే కష్టమైంది. కోచ్ తోసిన మొదటి నురగకే బోర్డు ముక్కు కిందికి పోయి ఆయన తలకిందులయ్యాడు. పైకి వచ్చినప్పుడు ఆయన ముఖం నేను వార్డులో చూసే ముఖం. కళ్ళు తెల్లబడి, నోరు తెరుచుకుని, చేతులు గాలిలో. "మునుగుతున్న! మునుగుతున్న!" అని అరిచి మళ్ళీ నీళ్ళు మింగాడు.

నేను ఆయనకు రెండు బారల దూరంలో ఉన్నాను. నీళ్ళు నా నడుముకే ఉన్నాయి. కాళ్ళు కింద పెట్టి నిలబడితే చాలు. నిలబడు బావా అని ఒక్క మాట అంటే సరిపోయేది. నేను అనలేదు. ప్రమాదం లేదని నర్సుగా నాకు తెలుసు, కోచ్ నీళ్ళు తోసుకుంటూ వస్తోందనీ తెలుసు. ఆ కొద్దిసేపూ ఆయన భయాన్ని కదలకుండా నిలబడి చూశాను. తృప్తిగా చూశాను. కోచ్ వచ్చి రెండు చంకల కింద చేతులేసి లేపింది. ఆయన కాళ్ళు నేలకు తగిలాయి. అప్పుడు ఒడ్డున అందరూ నవ్వారు. ఆయన కూతురు మొత్తం వీడియో తీసింది.

నేను అనుకున్నది అక్కడికే అయిపోయింది. మిగతాది దానంతటదే వచ్చింది, నేను కాదనలేదు.

పన్నెండింటికి బీచ్ పక్కన ఒక పాకలో భోజనానికి కూర్చున్నాం. బావకు దగ్గు మొదలైంది. ఉప్పునీళ్ళు పొలమారిన దగ్గు, ఆగకుండా వస్తోంది. కళ్ళు ఎర్రబడ్డాయి, ముక్కు కారుతోంది. ఆ రోజుల్లో అలాంటి దగ్గు నలుగురి మధ్య దగ్గితే ఏమవుతుందో అందరికీ తెలుసు. కొత్త రకం వైరస్ వస్తోందని అప్పటికే వార్తలు. పక్క బల్ల దగ్గరున్న కుటుంబంలో పెద్దావిడ ముందు మాస్కు పైకి లాక్కుంది, తర్వాత కుర్చీ జరిపింది, ఆ తర్వాత పాక యజమానిని పిలిచి చెవిలో ఏదో చెప్పింది. ఆయన మా దగ్గరికి వచ్చి రెండు గజాల దూరంలోనే ఆగాడు.

"భాయ్‌సాబ్, జరా బాహర్ బైఠియే." బయట కూర్చోమన్నాడు.

బావ సముద్రం నీళ్ళు మింగానని హిందీలో చెప్పబోయాడు. మధ్యలోనే మళ్ళీ దగ్గు. ఇంకో బల్ల వాళ్ళు కూడా లేచారు. అప్పుడాయన నా వైపు చెయ్యి చాపాడు. "ఈమె నర్సు. మా మరదలు. ఈమెనే అడుగున్రి" అని, అదే మాట హిందీలోనూ అన్నాడు. పాకలో ఉన్నవాళ్ళంతా నన్ను చూశారు.

వట్టి ఉప్పునీళ్ళ దగ్గు అది. నా ఉద్యోగం మీద ఒట్టేసి చెప్పగలను.

"నర్సునే," అన్నాను హిందీలో. "కానీ టెస్టు చేయకుండా నేనేమీ చెప్పలేను."

బావ నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. అర్థమైంది ఆయనకు. లేచి బయటికి వెళ్ళాడు. పాక వెనక, ఖాళీ శీతల పానీయాల పెట్టెలు పేర్చిన చోట, ఎండలో ఒక బల్ల చెక్క మీద కూర్చున్నాడు. కాసేపటికి ఒక ముసలి వడ్డనదారు ఆయనకు కాగితం పళ్ళెంలో అన్నం, చేప తీసుకెళ్ళి, చెక్క చివర పెట్టి వెనక్కి వచ్చేశాడు.

నా భర్త లేవబోయాడు.

"కూసో" అన్నాను.

"ఏందే గిది? అన్న..."

"కూసొమ్మన్న."

కూర్చున్నాడు. అక్క వైపు చూశాను, ఏమంటుందోనని. అక్క బయట కూర్చున్న భర్తను చూసింది, నన్ను చూసింది. తర్వాత తల దించుకుని మా పాప పళ్ళెంలో చేప ముళ్ళు తీయడం మొదలుపెట్టింది. మెల్లగా, ఒక్కొక్కటీ.

పాప నా చెవి దగ్గరికి వచ్చి అడిగింది. "పెద్దనాయినకు కరోనా ఒచ్చిందా?"

"లేదు. ఉప్పునీళ్ళు మింగిండు."

"మరి చెప్పవా వాళ్ళకు?"

"చెప్త తియ్యి."

అది కాసేపు ఆలోచించింది. "ఇంక జరసేపుండని" అంది, చేప నోట్లో పెట్టుకుంటూ.

ఆ మాటకు నాకు నవ్వు రావాలి. రాలేదు. ఏడేళ్ళు కూడా నిండని ముఖంలో నా ముఖం కనిపించింది. అయినా నేను లేవలేదు. అందరి భోజనాలూ అయ్యాకే వెళ్ళి పాక యజమానికి, ఆ పెద్దావిడకు అది జబ్బు కాదని చెప్పాను. ఆవిడ నన్ను వింతగా చూసి, "ముందే చెప్పొచ్చు కదా బెహన్" అంది.

బావ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తిరుగు ప్రయాణంలో ఫెర్రీ డెక్ మీద, నేను కమ్మీలు పట్టుకుని నిలబడి ఉంటే నా పక్కకు వచ్చాడు. దూరంగా హజీరా పొగగొట్టాలు కనిపిస్తున్నాయి.

"నువ్వు కావాల్ననే చెప్పలే."

"అవును బావా. కావాల్ననే."

"అందరి ముంగట నన్ను కుక్కోలె బయట కూసొవెట్టినవు. అర్ధగంట."

"నా బిడ్డ పదమూడు రోజులు కూసున్నది."

ఆయన నీళ్ళ వైపు చూశాడు. "భయమైంది నాకు. మా షెడ్డుల ఇద్దరు పోయిన్రు, నీకెర్కే."

"ఎర్కనే. అండ్ల ఒకాయన మా వార్డులనే పోయిండు. ఆయన చెయ్యి నేనే పట్టుకున్న."

ఆయన కమ్మీ మీది తుప్పును గోటితో గీకాడు.

"ఇప్పుడేం జేయమంటవ్?" అన్నాడు చివరికి. గొంతులో మేస్త్రీ లేడు.

"ఆ కథ చెప్పుడు బంద్ జేయండ్రి. నా బిడ్డ ఇనంగ ఇంకోపారి చెప్పొద్దు."

ఆ తర్వాత ఆయన ఆ కథ ఎక్కడా చెప్పలేదు. నేను మాత్రం అక్కడితో ఆపలేదు. ఫిబ్రవరిలో చుట్టాల పెళ్ళికి అంతా కూడితే, బావ డయ్యూలో నడుము లోతు నీళ్ళలో ఎలా మునిగాడో చేతులు ఊపి చూపిస్తూ చెప్పాను. ఆయన కూతురు ఫోన్‌లో వీడియో తిప్పింది. పందిరి అంతా నవ్వు. బావ ఒక మూల విస్తరి ముందు తల వంచుకుని, వేలితో పప్పన్నం కలుపుతూనే ఉన్నాడు, తినడం లేదు. నేను అది చూశాను. చూసి కూడా కథ చివరిదాకా చెప్పాను.

ఆ ఎండాకాలంలో మేం గోడాదరా వదిలి అమ్రోలిలో ఒక అద్దె ఇంటికి మారాం. ఆసుపత్రికి దగ్గరని అందరికీ చెప్పాం. సామాను ఎక్కించే రోజు బావ పిలవకుండానే వచ్చి, తమ్ముడితో కలిసి బీరువా మోశాడు. చొక్కా తడిసిపోయింది. గేటు దగ్గర పాప తన పుస్తకాల సంచీ పట్టుకుని నిలబడి ఉంటే దాని ముందు ఆగాడు. తల మీద చెయ్యి పెట్టబోయి, వెనక్కి తీసుకున్నాడు.

"బిడ్డా, పెద్దనాయిన మీద ఇంక కోపమున్నదా?"

"ఉన్నది" అంది పాప.

"ఎన్నొద్దులుంటది?"

పాప నన్ను చూసింది. నేను చెప్పేదేమీ లేదన్నట్టు నిలబడ్డాను.

"నాకు తెల్వది" అంది.

బావ తలూపాడు. లోపల నా భర్త ఫ్రిజ్ పట్టుకొమ్మని కేకేస్తుంటే అటు వెళ్ళాడు. నేను టెంపో ముందు సీటు ఎక్కి, సర్దుకుని, పాపను పక్కన కూర్చోబెట్టుకున్నాను. దాని జవాబు నాకు నచ్చింది.